బండిలో ల్యాప్‌టాప్, చార్జర్లు, ప్రింటర్ నడపడానికి ఎలాంటి ఇన్వర్టర్ తీసుకోవాలి?

పొలిమేర (ప్రశ్న):

నమస్కారం. నేను భూమి కొలతల పనిలో ఉన్నాను. రోజులో చాలా భాగం బండిలోనే కూర్చుని కొలతలను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడం, పటం గీయడం, అక్కడికక్కడే ఒకటి రెండు కాగితాలు ముద్రించి సంతకాలు తీసుకోవడం నా పని కాబట్టి, బండి బ్యాటరీ నుంచి 230 వోల్టుల కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ ఒకటి బిగించుకోవాలని అనుకుంటున్నాను. ఏది తీసుకోవాలో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

నా ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 1.5 ఆంపియర్లు అనీ, అవుట్‌పుట్ 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు అనీ ఉంది. కొలతల రిసీవర్ చార్జర్ 40 వాట్లది. చెరి 20 వాట్ల కెమెరా చార్జర్లు రెండు, 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్‌తో నడిచే చిన్న వైఫై రౌటర్, ఇవి కాక ఒక లేజర్ ప్రింటర్ ఉన్నాయి. ప్రింటర్‌తో వచ్చిన కాగితంలో ముద్రించేటప్పుడు సగటున 400 వాట్లు అని రాశారు. అడాప్టర్ లెక్క 240ని 1.5తో గుణిస్తే 360 వాట్లు వస్తోంది, అన్నీ కూడితే మొత్తం 850 దాటుతోంది. తెలిసిన మెకానిక్ ఒకరు 1500 వాట్ల మోడిఫైడ్ సైన్ వేవ్ రకం తీసుకుంటే ఇక దేనికీ వెతుక్కోనక్కరలేదని అంటున్నారు. లైటర్ సాకెట్‌లో గుచ్చే 150 వాట్ల చిన్న రకంతో సరిపెట్టుకోలేనా అన్నది నా రెండో ఆలోచన.

బండి డీజిల్‌ది. 12 వోల్టుల, 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ అందుకునే స్టార్ట్-స్టాప్ రకం. ఇంజిన్ ఆపి రెండు గంటల పాటు పని చేసుకోవలసిన సందర్భాలు తరచుగా వస్తుంటాయి. ఎన్ని వాట్లు, ఏ రకం, ఎలా బిగించాలి అన్నది తెలిసినవారు చెప్పగలరు.


రాగితీగ:

పొలిమేర గారూ, ముందు ఆ 360 వాట్ల సంగతి చూద్దాం, మీ లెక్క ఉబ్బిపోయింది అక్కడే. అడాప్టర్ మీద ఇన్‌పుట్ వరుసలో రాసే ఆంపియర్లు అది లాగగల గరిష్ఠ విలువ, అదీ 100 వోల్టుల కరెంటు మీద నడిచినప్పటి విలువ. దానిని తెచ్చి 240తో గుణించకూడదు. చూడవలసింది అవుట్‌పుట్ వరుస: 19.5ని 4.62తో గుణిస్తే 90 వాట్లు. అడాప్టర్‌లో వేడిగా పోయేది కలుపుకున్నా అది ప్లగ్గు నుంచి లాగేది 100 వాట్ల చుట్టుపక్కలే, అదీ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఖాళీగా ఉండి, మీరు దానితో బరువైన పని చేయిస్తున్నప్పుడు మాత్రమే. బ్యాటరీ నిండిన తర్వాత పటం గీస్తూ కూర్చుంటే అందులో సగం లాగడం కూడా అరుదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. మీ జాబితాలో చాలా వస్తువులకు అసలు 230 వోల్టులతో పనే లేదు. బ్యాటరీలోని 12 వోల్టులను ఇన్వర్టర్ 230కి పెంచుతుంది, దాన్ని అడాప్టర్ మళ్లీ 19.5కి దించుతుంది. ఎక్కించి దించే ఈ రెండు అంచెల్లోనూ పదో వంతు, అంతకు కొంచెం ఎక్కువ, వేడిగా పోతుంది. మీ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ టైప్-సీ ద్వారా చార్జింగ్ తీసుకునేదైతే, లైటర్ సాకెట్‌లో గుచ్చే 100 వాట్ల పవర్ డెలివరీ చార్జర్ ఒకటి చాలు. గుండ్రటి పిన్ను రకమైతే, 12 వోల్టుల నుంచి నేరుగా 19.5 వోల్టులు ఇచ్చే కారు అడాప్టర్లు దొరుకుతాయి. కెమెరా బ్యాటరీలకు యూఎస్‌బీతో నడిచే చార్జర్లు ఉన్నాయి. రౌటర్ మాత్రం 12 వోల్టులదే కదా అని తిన్నగా బ్యాటరీకి కలపవద్దు, ఎందుకంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండి వైరింగులో ఉండేది 12 కాదు, 14.4 దాకా ఉంటుంది, కొన్ని బండ్లలో 15 వరకూ పోతుంది. మధ్యలో స్థిరంగా 12 ఇచ్చే చిన్న కన్వర్టర్ పెట్టండి.

ఇక మిగిలేవి రిసీవర్ చార్జర్, ప్రింటర్. లేజర్ ప్రింటర్‌లో కాగితం మీద పొడిని కరిగించి అతికించే వేడి రోలర్ ఒకటి ఉంటుంది. సగటు 400 వాట్లే అయినా, ఆ రోలర్ వేడెక్కే కొన్ని సెకన్లలో ప్రింటర్ 800 నుంచి 1000 వాట్ల దాకా లాగవచ్చు. 12 వోల్టుల వైపు నుంచి చూస్తే అది దాదాపు 100 ఆంపియర్లు. ఒకటి రెండు కాగితాల కోసం బండిలో 100 ఆంపియర్ల ఏర్పాటు చేయడం నా దృష్టిలో అర్థం లేని పని. ఇంక్‌జెట్ రకం ప్రింటర్ ముద్రించేటప్పుడు తీసుకునేది సాధారణంగా 20, 30 వాట్లే. లోపల బ్యాటరీతో వచ్చే, చేతిలో పట్టుకుపోగల ప్రింటర్లు కూడా ఉన్నాయి. లేజర్ ప్రింటర్‌ను ఆఫీసులో వదిలేయగలిగితే మీకు 300 వాట్ల ఇన్వర్టర్ చాలు, అదే ఎక్కువ కూడా.

అవసరం రావచ్చేమోనని 1500 వాట్లది పెట్టుకుంటే నష్టమేమిటని మీరు అడగవచ్చు. ఇన్వర్టర్‌కు ఏమీ తగిలించకపోయినా, స్విచ్ వేసి ఉన్నంతసేపూ అది తన కోసం కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. చిన్నదానికి ఇది అర ఆంపియర్ చుట్టుపక్కల ఉంటే, 1500 వాట్లదానికి 1 ఆంపియర్‌కు తగ్గకుండా, కొన్నింటిలో 2 దాకా ఉంటుంది. ఒక ఆంపియరే అనుకున్నా, రాత్రి ఆపడం మరిచిపోతే రోజు తిరిగేసరికి 24 ఆంపియర్ అవర్లు పోతాయి, మీ బ్యాటరీలో అది నూటికి 40 వంతులు.

తీగ లెక్క ఇప్పుడు చెబుతాను. 12 వోల్టుల బండిలో, ఇన్వర్టర్ ఇచ్చే వాట్లను 10తో భాగిస్తే బ్యాటరీ నుంచి లాగే ఆంపియర్లు వస్తాయి. ఇన్వర్టర్‌లో పోయే నష్టం కూడా ఇందులోనే సర్దుకుంటుంది. లైటర్ సాకెట్‌కు బండి తయారీదారు పెట్టే ఫ్యూజ్ చాలావరకు 10 లేదా 15 ఆంపియర్లది, కొన్నింటిలో 20. అంటే సాకెట్ ద్వారా 100, 150 వాట్లకు మించి ఆశించరాదు. ఫ్యూజ్ పోతోందని పెద్దది వేయడం మాత్రం ఎన్నడూ చేయకూడని పని: ఫ్యూజ్ ఉన్నది ఇన్వర్టర్‌ను కాపాడటానికి కాదు, డాష్‌బోర్డు వెనుక ఉన్న సన్నని తీగ అంటుకోకుండా ఆపడానికి. సాకెట్‌లో గుచ్చే పిన్ను స్ప్రింగు ఒత్తిడితోనే ఆనుకుని ఉంటుంది కాబట్టి, గంటల తరబడి 10 ఆంపియర్లు పారితే ప్లాస్టిక్ మెత్తబడటం కూడా చూశాను.

300 వాట్లదానికి తీగలు బ్యాటరీ నుంచి విడిగా తెచ్చుకోవాలి. బ్యాటరీ నుంచి సీటు కింద దాకా 2 మీటర్లు అనుకుంటే, పోను రాను 4 మీటర్ల రాగి. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 1.75 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది, 4 మీటర్లకు 7. నిండు బరువు మీద 30 ఆంపియర్లు పారితే 0.2 వోల్టుల నష్టం, అది ఫరవాలేదు. ఇదే మీ మెకానిక్ గారి ఆలోచన ప్రకారం వెయ్యి వాట్లు లాగుతూ, చేతికి దొరికిన 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడారనుకోండి: 4 మీటర్లకు 12 మిల్లీ ఓములు, 100 ఆంపియర్లు, అంటే 1.2 వోల్టులు తీగలోనే పోతాయి. బ్యాటరీ దగ్గర 12 ఉన్నా ఇన్వర్టర్‌కు అందేది 10.8. అది వెంటనే కూతపెట్టి ఆగిపోతుంది, మీరేమో బ్యాటరీ పాడైందనుకుంటారు. తీగలో 120 వాట్ల వేడి పుడుతున్న సంగతి ఎవరికీ కనిపించదు.

పాజిటివ్ తీగకు బ్యాటరీ నుంచి జానెడు దూరం దాటకుండా 40 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. ఇన్వర్టర్‌లోపల ఫ్యూజ్ ఉంది కదా అని వదిలేయవద్దు. బానెట్ కింది రేకు అంచుకు రాసుకుని తీగ తొడుగు చిరిగితే, ఆ చోటుకీ బ్యాటరీకీ మధ్యలో ఫ్యూజ్ ఉంటేనే ఉపయోగం.


వేగుచుక్క:

రాగితీగ గారి వాట్ల లెక్కతో ఏకీభవిస్తున్నాను. ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులాగా మెల్లగా ఎక్కి దిగే తరంగం ఇచ్చే రకం) కావాలా అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను. ల్యాప్‌టాప్ అడాప్టర్లు, ఫోన్ చార్జర్లు లోపలికి వచ్చిన కరెంటును మొదటి మెట్టులోనే డీసీగా మార్చుకుంటాయి. వాటికి తరంగం ఆకారంతో పెద్దగా నిమిత్తం లేదు. నా బండిలో మోడిఫైడ్ రకమే ఉంది, ల్యాప్‌టాప్‌కు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. ధర తక్కువ, బరువు తక్కువ. అందరూ కళ్లు మూసుకుని ప్యూర్ సైన్ కొనమనడం నాకు సమంజసంగా అనిపించదు.


నిదానం:

వేగుచుక్క గారు చెప్పినది ల్యాప్‌టాప్ వరకు నిజమే. అయితే పొలిమేర గారి జాబితాలో ల్యాప్‌టాప్ ఒక్కటే లేదు.

మోడిఫైడ్ సైన్ వేవ్ అని పెట్టెమీద రాసేది నిజానికి మెట్లు మెట్లుగా ఉండే చతురస్ర తరంగం. 230 వోల్టుల రకంలో అది కాసేపు 325 వోల్టుల దగ్గర నిలిచి, ఉన్నపళంగా సున్నాకు పడి, అక్కడి నుంచి అవతలి వైపు 325కు దూకుతుంది. సైన్ తరంగంలాగా మెల్లగా ఎక్కి దిగడం ఇందులో ఉండదు. ఆ దూకుడు వల్ల నష్టపోయేవి కొన్ని వస్తువులు ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత చార్జర్లు గుయ్యిమంటూ మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతాయి. ఏసీ మోటారుతో నడిచే ఫ్యాన్లదీ ఇదే పరిస్థితి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక కెపాసిటర్‌తో వోల్టేజీని దించే చౌక చార్జర్లు, చిన్న ఎల్‌ఈడీ దీపాలు, షేవర్ల చార్జర్లు అన్నింటికంటే ముందు పోతాయి. వోల్టేజీ ఒక్కసారిగా దూకిన ప్రతిసారీ కెపాసిటర్ గుండా పెద్ద కరెంటు పరుగెత్తడమే దానికి కారణం. తేలికగా, చిన్నగా ఉండి అవుట్‌పుట్ అంకెలు తప్ప ఏమీ రాసి ఉండని చార్జర్‌లో లోపల ఏముందో విప్పితే తప్ప తెలియదు. రిసీవర్ చార్జర్ కాలిపోతే పొలిమేర గారికి ఆ రోజు పని ఆగిపోతుంది. 300 వాట్ల స్థాయిలో రెండు రకాల మధ్య ధరలో తేడా ఉన్నా, ఆ రిసీవర్ విలువ ముందు అది లెక్కలోది కాదు. అందుకని ఆయన విషయంలో ప్యూర్ సైన్ అనే అంటాను. ల్యాప్‌టాప్, ఫోన్ మాత్రమే ఉన్నవారికైతే అసలు ఇన్వర్టరే వద్దంటాను.

ఇక్కడ తరచుగా వచ్చే ఒక అపార్థం గురించి కూడా రాయాలి. మోడిఫైడ్ రకం కొన్నవారు మామూలు మల్టీమీటర్ పెట్టి చూసి, 230 రావలసిన చోట 180 చూపిస్తోందని, సరుకు బాగాలేదని దుకాణానికి తిప్పి పంపుతుంటారు. లోపం ఇన్వర్టర్‌లో లేదు. తక్కువ ధర మీటర్లు సగటు విలువను కొలిచి, వచ్చింది సైన్ తరంగమే అన్న నమ్మకంతో దానిని 1.11తో గుణించి చూపిస్తాయి. సగం సేపు 325 వోల్టులు, సగం సేపు సున్నా ఉండే తరంగానికి అసలు విలువ 230 అయినా, సగటు 162 మాత్రమే, 1.11తో గుణిస్తే 180. ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న మీటర్‌తో చూస్తే సరైన అంకె కనిపిస్తుంది. దీనినే తిప్పి వాడుకోవచ్చు కూడా: ప్యూర్ సైన్ అని చెప్పి అమ్మిన పెట్టెను రెండు రకాల మీటర్లతోనూ కొలిచినప్పుడు ఒకటి 230, ఇంకొకటి 180 చూపిస్తే, లోపల ఉన్నది సైన్ తరంగం కాదు.

కొనేటప్పుడు పెట్టెమీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లను నమ్మవద్దు. చాలాసార్లు అది క్షణకాలం మాత్రమే ఇవ్వగల గరిష్ఠ విలువ. నిరంతరంగా ఎన్ని వాట్లు ఇస్తుంది, ఎంత ఉష్ణోగ్రత వరకు ఇస్తుంది అన్నది వివరాల పత్రంలో వెతకండి. 25 డిగ్రీల దగ్గర 300 వాట్లు ఇచ్చేది, ఎండలో నిలిపిన బండిలో 50 డిగ్రీల దగ్గర అంత ఇవ్వకపోవచ్చు. ఆ పత్రంలో ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునే కరెంటు, ఏ వోల్టేజీ దగ్గర ఆగిపోతుంది, దాన్ని మనం మార్చుకోవచ్చా అన్నవి లేకపోతే ఆ సరుకును పక్కన పెట్టడమే మంచిది.


చక్రం24:

ఇంజిన్ ఆపి రెండు గంటలు అన్న మాట మీద ఎవరూ ఆగలేదు. నాకు అసలు చిక్కు అక్కడే కనిపిస్తోంది.

బండి బ్యాటరీ తయారయ్యింది సెల్ఫ్ మోటారుకు కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం) నుంచి నింపుకోవడానికి. అందుకోసం దానిలో పలకలు పలుచగా, ఎక్కువగా ఉంటాయి. మెల్లగా లోతుకంటా ఖాళీ చేయడం దానికి సరిపడదు. అలా మళ్లీ మళ్లీ చేస్తే ఆయుష్షు త్వరగా తీరిపోతుంది. స్టార్ట్-స్టాప్ బండ్లలో ఉండే ఏజీఎం, ఈఎఫ్‌బీ రకాలు కొంచెం తట్టుకుంటాయి గానీ, వాటినీ సగం దాకా దించడం మంచిది కాదు.

మీ వస్తువులన్నీ ఒకేసారి నడిస్తే ఎంతవుతుందో చూడండి. ల్యాప్‌టాప్ సగటున 50 వాట్లు, రిసీవర్ చార్జర్ 40, కెమెరా చార్జర్లు 40, రౌటర్ 10, మొత్తం 140. మార్పిడి నష్టాలు కలిపితే 160, అంటే 13 ఆంపియర్లు. రెండు గంటలకు 26 ఆంపియర్ అవర్లు. 60లో 26 అంటే నూటికి 43 వంతులు, అదీ బ్యాటరీ కొత్తదై, పూర్తిగా నిండి ఉంటే. అలాకాక రిసీవర్, కెమెరా బ్యాటరీలను బండి నడుస్తున్నప్పుడే నింపుకుని, ఆగినప్పుడు ల్యాప్‌టాప్, రౌటర్ మాత్రమే నడిపితే 5.5 ఆంపియర్లు, రెండు గంటలకు 11 ఆంపియర్ అవర్లు. ఇది ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ తట్టుకోగలదు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సగానికి పైగా భారం తగ్గిపోయింది కదా.

ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీ దగ్గర తనే ఆగిపోతుందని ధీమాగా ఉండవద్దు. చాలావాటిలో ఆగే స్థానం 10.5 వోల్టులు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ పనీ లేకుండా విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12కు దిగితే సగంకంటే బాగా తగ్గినట్టు. కొద్దిపాటి కరెంటు లాగుతున్నప్పుడు 10.5 దాకా పడిందంటే అది ఖాళీ అయినట్టే, అప్పుడు సెల్ఫ్ కొడితే టకటక మనడం తప్ప ఇంజిన్ అందుకోదు. ఆ స్థానాన్ని మార్చుకోలేని ఇన్వర్టర్ అయితే, 12 వోల్టుల దగ్గర తీగను విడదీసే తక్కువ వోల్టేజీ కటాఫ్ పరికరాన్ని బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య పెట్టించండి. మీరు తీసుకునే 30 ఆంపియర్లను అది తట్టుకునేలా చూసుకోవాలి.

రోజూ రెండు గంటలు తప్పదంటే, దానికి విడిగా రెండో బ్యాటరీ ఉండటమే సరైన మార్గం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 12.8 వోల్టులు, 50 ఆంపియర్ అవర్లదైతే 640 వాట్ అవర్లు ఉంటాయి, అందులో నూటికి 80 వంతులు నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే దాన్ని బండి బ్యాటరీకి రిలేతో సూటిగా జోడించవద్దు. మీ బండిలాంటివాటిలో ఆల్టర్నేటర్ వోల్టేజీ ఇంధనం ఆదా కోసం 12.5కు తగ్గుతూ, 15కు పెరుగుతూ ఉంటుంది. పైగా ఈ రకం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఇస్తే అంత లాగేస్తుంది కాబట్టి ఆల్టర్నేటర్ వేడెక్కుతుంది. మధ్యలో 20 ఆంపియర్లకు పరిమితమైన డీసీ నుంచి డీసీ చార్జర్ ఉండాలి. అది స్మార్ట్ ఆల్టర్నేటర్‌కు పనికివచ్చేదని రాసి ఉండాలి. గడ్డకట్టే చలిలో, అంటే 0 డిగ్రీలకు దిగువన, ఈ రకాన్ని చార్జింగ్ చేయకూడదని కూడా గుర్తుంచుకోండి.

ఇంజిన్ నడుస్తూ ఉంచి పని చేసుకుంటే ఏమవుతుందని కొందరు అడుగుతారు. నిలబడి నెమ్మదిగా తిరిగే ఇంజిన్ మీద ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తిలో కొంత భాగమే ఇస్తుంది, మీకున్న 13 ఆంపియర్లకు అది చాలు. కాని మూసి ఉన్న షెడ్డులోనో, గోడల మధ్య సందులోనో అలా కూర్చోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.


పొలిమేర:

అందరికీ కృతజ్ఞతలు. లేజర్ ప్రింటర్‌ను ఆఫీసులోనే ఉంచి, బ్యాటరీతో నడిచే చిన్న ప్రింటర్ తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. ల్యాప్‌టాప్‌కు టైప్-సీ చార్జింగ్ ఉందని ఇప్పుడే చూసుకున్నాను. రిసీవర్ చార్జర్‌కు 12 వోల్టుల తీగ కంపెనీవారు ఇవ్వరు కాబట్టి ఇన్వర్టర్ అవసరం తీరలేదు, 300 వాట్ల ప్యూర్ సైన్ తీసుకుంటాను.

బిగించే విషయంలో రెండు సందేహాలు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద తీగతో పాటు నల్లటి చిన్న పెట్టె లాంటిది ఒకటి బిగించి ఉంది, ఇన్వర్టర్ నెగటివ్‌ను దాని మీదే బిగించవచ్చా? ఇన్వర్టర్ వెనుక ఎర్త్ అని ఒక స్క్రూ ఉంటుందట, దాన్ని దేనికి కలపాలి?


రాగితీగ:

ఆ నల్ల పెట్టె బ్యాటరీ సెన్సర్. బ్యాటరీలోకి వచ్చేది, పోయేది ఎంతో అది లెక్కపెట్టి బండి కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. మీరు ఇన్వర్టర్ నెగటివ్‌ను తిన్నగా బ్యాటరీ కొమ్ము మీద బిగిస్తే, ఇన్వర్టర్ తీసుకునే కరెంటు సెన్సర్ కంటపడదు. కంప్యూటర్ బ్యాటరీ నిండుగా ఉందనుకుని ఆల్టర్నేటర్‌ను సరిగా నడపదు. అందువల్ల నెగటివ్ తీగను బ్యాటరీ దగ్గరే బండి బాడీకి ఇచ్చిన ఎర్త్ బోల్టు దగ్గర బిగించండి. అక్కడ రంగు ఉంటే గీకి, మెరిసే లోహం మీద లగ్గు (తీగ కొసకు నొక్కి బిగించే లోహపు ముక్క) ఆనేలా చూడాలి.

ఇన్వర్టర్ ఎర్త్ స్క్రూను కూడా 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో బండి బాడీకే కలపండి. మీరు ఫేజ్ టెస్టర్ పెట్టి చూస్తే చాలా చిన్న ఇన్వర్టర్లలో ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ దీపం మసకగా వెలగవచ్చు, అది చూసి కంగారుపడవలసిన పని లేదు. ఇంట్లోలాగా వీటిలో ఒకటి న్యూట్రల్, ఇంకొకటి ఫేజు అన్న ఏర్పాటు ఉండదు. అలాగని మీరే ఒకదాన్ని ఎర్త్‌కు కలిపి న్యూట్రల్ చేయాలని చూడవద్దు. కొన్ని నమూనాల్లో స్విచ్ వేసిన మరుక్షణమే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి. వాటి పుస్తకంలో అనుమతి ఉంటే తప్ప ముట్టుకోకూడదు. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను ఇంటి వైరింగులోకి ఎక్కించడం ఎలాగూ చేయరనుకుంటున్నాను.

చోటు విషయానికి వస్తే, బానెట్ కింద వద్దు, అక్కడ వేడి, నీళ్లు, నూనె. సీటు కింద పెడితే ఫ్యాన్ గాలి పీల్చే వైపు అరచేయి పట్టేంత సందు వదలండి, తివాచీ మీద కాక చిన్న పలక మీద బిగించండి. పని మొదలుపెట్టే ముందు బండి బ్యాటరీ నెగటివ్‌ను విడదీసి, ఫ్యూజ్‌ను పక్కన పెట్టి, తీగలన్నీ బిగించి, నెగటివ్‌ను తిరిగి కలిపి, చివరగా ఫ్యూజ్ వేయండి. ఆ క్షణంలో చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వస్తుంది, లోపలి కెపాసిటర్లు నిండటం వల్ల వచ్చేది అది. అది బ్యాటరీ నెత్తిన రాకుండా ఫ్యూజ్ దగ్గర రావడం మేలు, ఎందుకంటే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతూ ఉంటుంది. ఎరుపు, నలుపు తారుమారైతే మాత్రం ఇన్వర్టర్ పోయినట్టే, వారంటీ కూడా వర్తించదు.

బిగించిన తర్వాత రిసీవర్ చార్జర్‌తో పాటు చేతిలో ఉన్న ఏదైనా 200 వాట్ల వస్తువు తగిలించి, మీటర్‌తో ముందు బ్యాటరీ కొమ్ముల మీద, వెంటనే ఇన్వర్టర్ టెర్మినళ్ల మీద వోల్టేజీ చూడండి. రెంటికీ తేడా 0.2 లోపు ఉండాలి. అర వోల్టు ఉందంటే తీగ తప్పు కావడం అరుదు, ఎక్కడో లగ్గు సరిగా నొక్కి ఉండదు. పది నిమిషాలు నడిపి ఆపి, ఒక్కొక్క లగ్గునూ వేలితో తాకి చూస్తే, వేడిగా ఉన్నదే దోషి.


బరువుబండి:

ఈ చర్చలోనే ఒక చిన్న ప్రశ్న అడుగుతున్నాను, క్షమించాలి. మాది 24 వోల్టుల లారీ, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉన్నాయి. 12 వోల్టుల ఇన్వర్టర్ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని ఆ రెంటిలో ఒకదానికి కలుపుకోవచ్చా?


చక్రం24:

పనిచేస్తుంది, కాని చేయకూడదు. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు రెండు బ్యాటరీల గుండా ఒకే కొలతలో పోతుంది. మీరు ఒకదాని నుంచే వాడుకుంటూ పోతే అది ఎప్పుడూ అరకొరగా మిగులుతుంది, రెండోది నిండిన తర్వాత కూడా చార్జింగ్ అవుతూనే ఉండి ఉడికిపోతుంది. కొన్నాళ్లకు రెండూ పోతాయి. 24 వోల్టుల ఇన్వర్టరే తీసుకోండి. అందులో అదే వాట్లకు ఆంపియర్లు సగమే కాబట్టి భాగించవలసింది 10తో కాదు, 20తో, తీగ కూడా సన్నదే సరిపోతుంది. ఉన్నదాన్నే వాడాలనుకుంటే 24 నుంచి 12కు దించే కన్వర్టర్ కావాలి. అది 20 ఆంపియర్లదైతే ఆ ఇన్వర్టర్ మీద 200 వాట్లకు మించి పెట్టకండి.